రణథంభోర్ వెళ్తున్నారా, ముందు కోట ఎక్కండి

మనవైపు నుంచి రాజస్థాన్ వెళ్లొచ్చినవాళ్లని రణథంభోర్ గురించి అడిగి చూడండి, పులి కనపడితే ఊరంతా ఫోటో చూపిస్తారు, కనపడకపోతే "డబ్బులు దండగండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కోట ఎక్కారా అంటే మాత్రం చాలామంది ఎక్కలేదు. కొందరికి అక్కడ కోట ఉందనే తెలీదు, పులుల పార్కు నడిబొడ్డులో కొండ మీద వెయ్యేళ్ల నాటి చరిత్ర ఉన్న కోట ఉంది, టికెట్ బుక్ చేసినవాడు చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

పాలకొల్లు నుంచి నేను రెండుసార్లు వెళ్లాను. ఒకసారి మే నెలలో స్నేహితులతో, ఇంకోసారి ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో. మొదటిసారి పులి కనిపించింది, రెండోసారి కనిపించలేదు, అయినా రెండోసారే ఆ చోటుని సరిగ్గా చూశాననిపించింది, ఎందుకంటే ఆసారి ముందు కోట ఎక్కాం. కోట గోడ మీద నిలబడి కిందకి చూస్తే ఆ అడవిలో నీళ్లు ఎక్కడున్నాయో కళ్ల ముందు పరిచినట్టు కనిపిస్తుంది, ఎండిపోయిన ఆ నేలలో నీళ్లు ఎక్కడుంటే జంతువు అక్కడ, జంతువు ఎక్కడుంటే పులి అక్కడ. కాలవ గట్ల మీద పెరిగిన మనకి ఈ సంగతి ఒకళ్లు చెప్పక్కర్లేదు, ఒకసారి పైనుంచి చూస్తే చాలు. అందుకే ఎవరు సలహా అడిగినా నేను చెప్పేది ఒకటే, ముందు కోట, తర్వాత సఫారీ. ఇక ఎలా వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి అన్నది చెప్తాను.

మొదట నెల చూసుకోండి. జులై 1 నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా అసలైన అడవి భాగం, అంటే సఫారీల కోసం అడవిని పంచిన జోన్లలో ఒకటి నుంచి ఐదు దాకా, వానల కోసం మూసేస్తారు, బయటవైపు జోన్లు మాత్రం కొన్ని తెరిచి ఉంటాయి. వ్యవసాయం ఉన్నవాళ్లకి సార్వా కోతలయ్యాక దాళ్వా ఊడ్పుల హడావుడి, పైగా సంక్రాంతికి మనం ఇల్లు కదలం, కాబట్టి ఊడ్పులయ్యాక ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి సగం దాకా చాలా మంచి టైం, చలి తగ్గుతుంది, ఎండ ఇంకా ముదరదు. దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్ ఆఖర్లో, మేలో వెళ్తే పులి కనపడే అవకాశం ఎక్కువే, ఆకులు రాలి అడవి పల్చబడి ఉంటుంది, గుంటలు ఎండిపోయి మిగిలిన నాలుగు నీటిచోట్లకే అన్నీ రావాలి. కానీ ఆ ఎండ మన రోహిణి కార్తె ఎండలా చెమట పట్టించేది కాదు, 45 డిగ్రీల పొడి ఎండ, చెమట పట్టినట్టే తెలీకుండా ఒంట్లో నీళ్లు లాగేస్తుంది. పెద్దవాళ్లని, చిన్నపిల్లల్ని మేలో తీసుకెళ్లొద్దు, ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

డిసెంబర్, జనవరిల్లో వెళ్లేవాళ్లకి ఇంకో మాట. మన ధనుర్మాసం చలిని లెక్కేసుకుని ఒక్క శాలువాతో బయల్దేరొద్దు. అక్కడ తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీలకి దిగిపోతుంది, మీరు కూర్చునేది పైకప్పు, అద్దాలు లేని బండిలో, అది కదిలితే గాలి చెవుల్లో సూదుల్లా దిగుతుంది. మంకీ క్యాప్, చేతి గ్లౌజులు, లోపలొక స్వెటర్, పైనొక జర్కిన్ ఉండాలి. మన ఊళ్లో దొరికే పల్చటి స్వెటర్లు ఆ చలికి ఆగవు, జైపూర్‌లో దిగితే అక్కడే కొనుక్కోండి.

రూటు సంగతి. రణథంభోర్‌కి స్టేషన్ పేరు సవాయ్ మాధోపూర్, ఇది గుర్తుపెట్టుకోకపోతే టికెట్ వెతకడమే కష్టం. చెన్నై నుంచి విజయవాడ మీదుగా జైపూర్ వెళ్లే రైలు ఉంది, అది సవాయ్ మాధోపూర్‌లో ఆగుతుంది, కాకపోతే రోజూ ఉండదు, కాబట్టి ముందు ఆ రైలు తేదీ చూసుకుని దాన్ని బట్టి మిగతావన్నీ కుదుర్చుకోండి. భీమవరం, నరసాపురం, తణుకు వైపువాళ్లు విజయవాడ చేరుకుని అక్కడ ఎక్కొచ్చు. పొరపాటున జైపూర్ దాకా టికెట్ తీసి మళ్లీ వెనక్కి రావద్దు, దారిలో ముందు వచ్చేదే సవాయ్ మాధోపూర్. ఢిల్లీ వెళ్లే పని ఉంటే ఇంకా తేలిక, ఢిల్లీ ముంబై మెయిన్ లైన్ మీదే ఈ స్టేషన్ ఉంది కాబట్టి రైళ్లకి కొదవలేదు. విమానం అయితే జైపూర్‌లో దిగి అక్కడ నుంచి రైల్లో రెండు గంటల పైచిలుకు.

సఫారీ బుకింగ్ దగ్గరే మనవాళ్లు ఎక్కువ మోసపోతారు కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఆన్‌లైన్‌లో టికెట్లు రాజస్థాన్ అటవీ శాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనే కొనండి. ఇంటర్నెట్‌లో వెతికితే పార్కు పేరు పెట్టుకున్న ప్రైవేటు సైట్లు ముందు వస్తాయి, చూడ్డానికి ప్రభుత్వానివిలాగే ఉంటాయి, వాళ్లు తమ కమిషన్ కలిపి అమ్ముతారు. మొదటిసారి నేను అలాంటి ఒక ఏజెంటు దగ్గరే కొన్నాను, జిప్సీ అని డబ్బు తీసుకున్నాడు, తీరా తెల్లవారుజామున చూస్తే మాకు రాసింది క్యాంటర్. జిప్సీ అంటే ఆరుగురు కూర్చునే జీపు, క్యాంటర్ అంటే ఇరవై మంది పట్టే పెద్ద బండి. రెండూ అడవిలోకే వెళ్తాయి, క్యాంటర్ చవక, కానీ ఇరవై మందిలో ఒక్కరు గట్టిగా మాట్లాడినా అందరికీ చెడుతుంది, ఇరుకు దారుల్లో అది తిరగలేదు. ఇద్దరు ముగ్గురు వెళ్తే జిప్సీలో సీట్లు విడిగా కొనుక్కోవచ్చు, బండి మొత్తం తీసుకోవాలనేం లేదు.

సెలవుల్లో, దీపావళి నుంచి కొత్త సంవత్సరం దాకా సీట్లు చాలా ముందే అయిపోతాయి. బుక్ చేసేటప్పుడు ఏ గుర్తింపు కార్డు నంబర్ ఇచ్చారో అదే కార్డు ఒరిజినల్ చేతిలో ఉండాలి, ఒకరి పేరు మీద టికెట్‌తో ఇంకొకరు వెళ్లడం కుదరదు. మా నాన్నగారి ఆధార్ హోటల్ గదిలో మర్చిపోయి మళ్లీ పరుగెత్తాల్సి వచ్చింది, ఆ పావుగంటా అందరం ఎంత టెన్షన్ పడ్డామో. రాత్రే కార్డులన్నీ ఒక కవర్లో పెట్టి, ఆ కవరు మంకీ క్యాప్‌తో పాటు ఉంచండి.

జోన్లు మొత్తం పది. "ఏ జోన్‌లో పులి ఉంటుంది" అని అందరూ అడుగుతారు, పులికి మన గీతలు తెలీవు, ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. అయినా మొదటిసారి వెళ్తుంటే ఒకటి నుంచి ఐదు లోపల ఒక్క సఫారీ అయినా దొరికేలా చూసుకోండి, అందులోనూ మూడో జోన్ దొరికితే వదలొద్దు, పద్మ తలావ్ అనే చెరువు, జోగీ మహల్ అనే పాత కట్టడం ఉన్నది అటే, పులి రాకపోయినా ఆ చెరువు గట్టు ఒక్కటి చాలు. కనీసం రెండు సఫారీలు పెట్టుకోండి, వేర్వేరు జోన్లలో, ఒకటి పొద్దున్న, ఒకటి మధ్యాహ్నం. ఒక్కదానికే వెళ్లి అదృష్టం మీద భారం వేసి రావడం అంత దూరం నుంచి వెళ్లే మనకి తగదు.

ఇప్పుడు కోట. సాయంత్రానికి ఊరు చేరి పడుకుని, మర్నాడు పొద్దున్నే కోటకి బయల్దేరండి, ఆ మధ్యాహ్నం మొదటి సఫారీ, మూడో రోజు పొద్దున్న రెండోది. ఇదీ నేను చెప్పే వరస. స్టేషన్ నుంచి కోట కింద దాకా 15 కిలోమీటర్ల లోపే, షేర్ జీపులు గణేశ్ భక్తులతో నిండిపోయి వెళ్తుంటాయి, కుటుంబంతో వెళ్తే టాక్సీ మాట్లాడుకోవడం మేలు. బుధవారం వినాయకుడి రోజని అక్కడివాళ్లు వెల్లువలా వస్తారు, వినాయక చవితికైతే లక్షల్లో జాతర, మీరు వెళ్లేది కోట చూడ్డానికైతే ఆ రోజులు తప్పించండి. సఫారీలా దీనికి బుకింగ్ గొడవ లేదు.

దారి అడవిలోంచే వెళ్తుంది, రెండు కొండల మధ్య ఇరుకులోంచి తిరిగి తిరిగి కోట అడుగుకి చేరుస్తుంది. అక్కడ నుంచి మెట్లు. ఎత్తు చుట్టూ ఉన్న నేల నుంచి 700 అడుగుల దాకా ఉంటుందని చెప్తారు, అన్నవరం మెట్లు ఆగి ఆగి ఎక్కగలిగినవాళ్లు ఇవీ ఎక్కగలరు, మా అమ్మకి మోకాళ్ల నొప్పులున్నా గంటలో పైకి చేరింది. నౌలఖా, హాథీ, గణేశ్ అని వరసగా ద్వారాలు వస్తాయి, ప్రతి ద్వారం దగ్గరా దారి ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది, ఏనుగు పరుగున వచ్చి తలుపు గుద్దకుండా కట్టిన పద్ధతి అది. మలుపులో కాసేపు నిలబడి పైన గోడ మీద మనిషి ఉంటే మీరు ఎంత తేలిగ్గా దొరికిపోతారో చూడండి, కోట ఎందుకు ఎవరికీ అంత తేలిగ్గా లొంగలేదో అక్కడ తెలుస్తుంది.

కొండముచ్చులు దారి పొడవునా ఉంటాయి. చేతిలో కవరు కనపడితే లాక్కుంటాయి, తిండి బయటికి తీయొద్దు, పిల్లల చేతికి బిస్కెట్ ఇవ్వొద్దు. ఇంకో ముఖ్యమైన మాట, ఈ కోట పార్కు పక్కన లేదు, పులుల అడవి లోపలే ఉంది. 2025లో ఆ దారిలో, కోట మీద పులి దాడుల్లో మనుషులు చనిపోయారు, అందులో ఒకడు చిన్నపిల్లవాడు. భయపెట్టడానికి చెప్పట్లేదు, రోజూ వేలమంది వెళ్లొస్తూనే ఉన్నారు. గుంపుతో నడవండి, పిల్లల చెయ్యి వదలొద్దు, పొదల్లోకి వెళ్లొద్దు, తెల్లవారకముందు ఎక్కొద్దు, పొద్దు వాలకముందే దిగిపోండి, అటవీ సిబ్బంది ఫలానా దారి మూశాం అంటే ఎదురు మాట్లాడకుండా వెనక్కి తిరగండి.

పైకి చేరాక హమ్మీర్ గురించి కొంచెం తెలిసి ఉంటే రాళ్లు కూడా మాట్లాడతాయి. ఈ కోటనేలిన చౌహాన్ రాజు హమ్మీరదేవుడు, ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖల్జీ మీద తిరగబడి వచ్చిన మంగోలు సైనికులకి ఆశ్రయం ఇచ్చాడు, అప్పగించమంటే ఇవ్వనన్నాడు. ముట్టడిలో ఖల్జీ సేనాని నుస్రత్ ఖాన్ కోటలోంచి విసిరిన రాయి తగిలి చచ్చాడు, ఆఖరికి సుల్తానే స్వయంగా వచ్చి కూర్చున్నాడు. నెలల తరబడి లోపల తిండీ నీళ్లూ కరువై, రెండు బంగారు గింజలిచ్చినా ఒక్క బియ్యపు గింజ పుట్టని స్థితి వచ్చిందని సుల్తాను ఆస్థాన కవే రాసుకున్నాడు. ధాన్యం రాశుల మధ్య పుట్టిన మనకి ఆ ఒక్క వాక్యం చాలు, మా నాన్న అది విని అలాగే మెట్టు మీద కూర్చుండిపోయారు. 1301లో కోట పడింది, ఆడవాళ్లు జౌహర్ చేసుకున్నారు, అంటే శత్రువుకి చిక్కకుండా మంటల్లో దూకి ప్రాణాలు వదిలారు, హమ్మీరుడు పోరాడుతూ చనిపోయాడు. ఆ తర్వాత పదేళ్లు తిరక్కుండానే అదే సుల్తాను సైన్యం సేనాని మాలిక్ కాఫుర్ వెంట మన ఓరుగల్లు కోట ముందు దిగింది. అక్కడి కథ వేరే రాష్ట్రం కథ అనిపించదు అందుకే. 1569లో అక్బర్ ఈ కోటని తీసుకున్నాడు, ఆపైన ఇది జైపూర్ రాజుల చేతికొచ్చి చుట్టూ అడవి వాళ్ల వేటస్థలమైంది. 2013లో యునెస్కో రాజస్థాన్‌లోని ఆరు కొండ కోటలకి కలిపి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది, అందులో ఇదొకటి.

హమ్మీర్ మహల్, ముప్ఫై రెండు స్తంభాల ఛత్రి అనే మండపం, జైన గుడి చూసుకుంటూ వెళ్లండి, ఛత్రి చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లని అక్కడ కూర్చోబెట్టొచ్చు. అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాల్సింది మాత్రం కోటలో ఉన్న చెరువుల దగ్గర, గోడ అంచున. మనకి నది ఉంది, ధవళేశ్వరంలో ఆనకట్ట ఉంది, కాలవలో నీళ్లు ఎప్పుడు వదుల్తారా అని చూస్తే చాలు. ఆ కొండ మీద పారే చుక్క లేదు, వాన పడిన నాలుగు నెలల నీటిని రాతి గట్లు కట్టి పట్టి పెట్టుకుంటే ఏడాదంతా ఊరు బతికింది. గోడ అంచుకి వచ్చి కిందకి చూస్తే పద్మ తలావ్ కనిపిస్తుంది, దాని ఒడ్డున ఎర్రటి జోగీ మహల్, పక్కనే ఊడలు దిగిన పెద్ద మర్రి. నీళ్లలో నడుముల దాకా దిగి నాచు మేస్తున్న కణితులు చుక్కల్లా కనిపిస్తాయి, బైనాక్యులర్స్ ఉంటే ఒడ్డున దుంగల్లా పడున్న మొసళ్లూ కనిపిస్తాయి. బైనాక్యులర్స్ ఎవరి దగ్గరన్నా అడిగి తీసుకెళ్లండి, కెమెరా కంటే అదే ఎక్కువ పనికొచ్చింది నాకు. అక్కడ అరగంట నిలబడితే మధ్యాహ్నం సఫారీలో గైడు బండిని ఎటు తిప్పుతున్నాడో, ఎందుకు తిప్పుతున్నాడో మీకే అర్థమవుతుంది.

కోట మీదే త్రినేత్ర గణేశ్ గుడి. వినాయకుడు భార్యలతో, కొడుకులతో కుటుంబంగా ఉంటాడు అక్కడ. దేశం నలుమూలల నుంచి ఈ స్వామికి పెళ్లి శుభలేఖలు పోస్టులో వస్తాయి, పూజారులు వాటిని స్వామి ముందు పెడతారు. మన కోనసీమలో మొదటి శుభలేఖ అయినవిల్లి సిద్ధి వినాయకుడి దగ్గర పెట్టే అలవాటున్న ఇళ్లు ఎన్నో, ఆ సంగతి అక్కడి పూజారికి వచ్చీరాని హిందీలో చెప్తే ఆయన ఎంత సంతోషపడ్డాడో, మా అమ్మ చేతిలో ఇంకో లడ్డూ పెట్టాడు. ఇంట్లో పెళ్లి కుదిరి ఉంటే ఒక శుభలేఖ సంచిలో వేసుకెళ్లండి.

సఫారీ మూడు, మూడున్నర గంటలు. రంగు బట్టలు వద్దు, మట్టి రంగు, ఆకుపచ్చ చాలు, సెంటు పూసుకోవద్దు. ఫోన్ల మీద ఆంక్షలు వచ్చాయి, గేటు దగ్గర ఏం చెప్తే అది వినండి. బండి కదలగానే అందరి కళ్లూ చారల కోసం వెతుకుతాయి, మీరు చెవులు వాడండి. గైడు ఉన్నట్టుండి బండి ఆపించి ఇంజిన్ కట్టేయిస్తాడు, అప్పుడు కణితి ఒక్క బొంగురు అరుపు అరుస్తుంది, చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు కేక వేస్తుంది, దుప్పులు మేత ఆపి అన్నీ ఒకేవైపు చూస్తాయి. వాళ్లు దాన్ని "కాల్" అంటారు. దుప్పులు పొరబడొచ్చు, కణితి పదే పదే అరిచిందంటే మాత్రం పులో చిరుతో దగ్గర్లోనే ఉన్నట్టు. ఆ నిశ్శబ్దంలో మాట్లాడకుండా ఉండటం నేర్పండి పిల్లలకి, ఇంటి దగ్గరే. మేం మేలో చూసిన పులి ఆడది, పది నిమిషాలు నీళ్లలో కూర్చుని లేచి, మా బండి ముందు నుంచి దారి దాటి వెళ్లిపోయింది, మమ్మల్ని లెక్క కూడా చేయలేదు. ఇంకాస్త దగ్గరికి పోనిమ్మని డ్రైవర్‌కి డబ్బు ఆశ చూపించేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, పులి దారికి బండి అడ్డం పెడితే అది వేట వదిలేసి పోతుంది, ఆ రోజు దాని పిల్లలకి తిండి ఉండదు.

ఇదే అడవిలో 1961లో ఇంగ్లండ్ రాణి భర్త ఫిలిప్ వచ్చి పులిని కాల్చాడు. 1955లో అభయారణ్యమైనా వేటలు ఆగలేదు, 1973లో ప్రాజెక్ట్ టైగర్ అనే పులుల రక్షణ పథకంలోకి వచ్చాక, లోపలి ఊళ్లని బయటికి తరలించాక అడవి కోలుకుంది, 1980లో నేషనల్ పార్కయింది. ఫతే సింగ్ రాథోడ్ అనే అటవీ అధికారి దీనికోసం జీవితమంతా పెట్టాడు, వేటగాళ్లని ఆపినందుకు దెబ్బలూ తిన్నాడు. మఛ్లీ అనే ఆడపులి పేరు అక్కడ ప్రతి గైడు నోటా వింటారు, మొసలితో పోరాడి గెలిచింది, 2016 ఆగస్టులో ముసలితనంతో చనిపోయింది. ఊళ్లు వదిలి వెళ్లినవాళ్ల గురించి కూడా గైడుని అడగండి, కొందరు గైడుల కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఊళ్లవే, పుస్తకంలో లేని సంగతులు చెప్తారు.

పులి రాకపోతే చూడ్డానికేముంది అంటే చాలా ఉంది. మనుబోతులు, ఎలుగుబంట్లు, నెమళ్లు, పొడుగు తోకతో గోధుమరంగు పిట్ట ఒకటి బండి మీదకే వచ్చి వాలుతుంది, దానికి మాత్రం తిండి పెట్టొద్దు. శీతాకాలంలో చెరువుల్లో వలస పక్షులు దిగుతాయి, కొల్లేరు చూసినవాళ్లకి కొన్ని పరిచయస్తుల్లా కనిపిస్తాయి.

తిండికి దాల్ బాటీ, రొట్టెలు, పప్పులు దండిగా దొరుకుతాయి, అన్నం దొరికినా మన అన్నంలా ఉండదు. చిన్న డబ్బాలో గోంగూర పచ్చడి, కందిపొడి పెట్టుకెళ్తే మూడు రోజులు గడిచిపోతాయి. గదులు రణథంభోర్ రోడ్డు పొడవునా ఉన్నాయి, డబ్బు తక్కువైతే స్టేషన్ వైపు ఊళ్లో చూసుకోండి, రెండిటికీ మధ్య ఆటోలు తిరుగుతూనే ఉంటాయి.

తిరిగి వచ్చేటప్పుడు చలికాలమైతే జామకాయలు కొనండి. సవాయ్ మాధోపూర్ చుట్టూ జామతోటలే, రోడ్డు పక్కన బుట్టల్లో పెట్టి అమ్ముతారు. పండినవి రైల్లో తినడానికి నాలుగు, ఇంటికి మాత్రం గట్టిగా పచ్చగా ఉన్నవే ఏరించుకోండి, విజయవాడ చేరేసరికి సరిగ్గా దోరగా అవుతాయి.